గోల్ఫు క్రీడలో కాలహరణము

మదనపల్లె నుండి కుప్పము పోవు దారిలో, పుంగనూరు దాటిన పిదప, వరిగడ్డి నింపుకొన్న ట్రాక్టరొకటి మా వాహనమునకు ముందు నడచుచుండెను. గడ్డి రెండు ప్రక్కలకు పొంగి రోడ్డునంతను ఆక్రమించినది. దాటిపోవుటకు వీలు లేదు. ట్రాక్టరు నడపు యువకునకు తొందర లేదు. అతని ఊరు దగ్గరలోనిదే కాబోలు. మా వెనుక రెండు బస్సులు, టమాటాల ఖాళీ పెట్టెలతో ఒక లారీ, లెక్కకు మించిన మోటారు సైకిళ్లు చేరినవి. అతడు ఎవరికిని కీడు తలపెట్టినవాడు కాడు. తన పనిని తన వేగమున తాను చేసికొనుచున్నాడు. కుప్పమునకు పది గంటలకు చేరవలసిన మేము పదకొండు దాటిన తరువాత చేరితిమి.

అచ్చట మా కొరకు ఒక వృద్ధుడు తొమ్మిదిన్నర నుండియు కాచుకొని యుండెను. కోలారు బంగారు గనులలో పనిచేసినవారి జ్ఞాపకములను ధ్వనిముద్రణము చేయుటకు మేము వెళ్లియుంటిమి. ఆ గనులు కుప్పమునకు దూరము కావు. 1880 నుండి జాన్ టెయిలర్ కంపెనీవారు వానిని నడపిరి. 2001లో అవి మూతపడువరకు చిత్తూరు జిల్లా తెలుగువారెందరో వానిని నమ్ముకొని జీవించిరి. ఆలస్యమునకు క్షమించుమని కోరి, దారిలోని ట్రాక్టరు సంగతి చెప్పితిమి. ఆయన నవ్వి, గనుల కథకు ముందుగా వేరొక కథ ఎత్తుకొనెను.

ఆంగ్లేయ అధికారులు గనుల చెంత తమ వినోదమునకై ఒక క్లబ్బును, గోల్ఫు మైదానమును ఏర్పరచుకొని యుండిరి. పండ్రెండేండ్ల వయసున ఈయన అచ్చట ఆటకఱ్ఱల సంచి మోసెడివాడు. ఆయన మాటలనే చెప్పుదుము: "ఆటకింత అని దుడ్లిస్తా వుండ్రి సార్. బిన్నా ఆడే దొరలు ముందరుంటే పొద్దు గుంకేలోగా రెండాటలు మోస్తాం. నిదానంగా ఆడేటోడు ఒగడు ముందర పోతా వుంటే, ఎనకున్నోళ్లందురూ ఎండలో నిలబడాల్సిందే. ఆ పొద్దుకు ఒగ ఆట దుడ్లే."

ఆలోచించుచు ఆడిన ఆ దొరగారికి ఒక సాయంకాలము సుఖముగా గడచినది. పోయినది మాత్రము, ఎక్కడనో నాలుగు బృందముల వెనుక నిలచిన ఒక పిల్లవాని రెండవ ఆట కూలి. వృత్తి క్రీడాకారుల గోల్ఫులో నేడు ఎంతయో చర్చనీయమైన జాప్యపు సమస్య అంతయు ఆ వృద్ధుని మాటలలో ఉన్నదని మాకు తోచినది.

మదనపల్లె, పుంగనూరు వీధులలో క్రికెట్టు ఆడని బాలుడు కానరాడు. గోల్ఫు కఱ్ఱ పట్టినవాడు అరుదు. కావున ఆట స్వరూపమును రెండు మాటలలో చెప్పవలసియున్నది. విశాలమైన మైదానములో పదునెనిమిది చోట్ల చిన్న గుంటలుండును. ప్రతి గుంటకును దూరముగా ఒక ఆరంభస్థానము. అచ్చటనుండి బంతిని కొట్టుచు, నడచుచు, గుంటలో వేయవలెను. మొత్తము మీద తక్కువ దెబ్బలతో ముగించినవాడు గెలుచును. మన మెట్టప్రాంతములలో గుంటల చుట్టును పచ్చిక పెంచుటకు నీరు చాలక, పూర్వము ఇసుకను నూనెతో కలిపి చదును చేసెడివారు. పచ్చికకు గ్రీను అని పేరు గనుక దీనిని బ్రౌను అనిరి. హైదరాబాదు వాసులు గోల్కొండ నయాకిలాలో, ఆ ప్రసిద్ధమైన బ్రహ్మాండపు ఏనుగుచెట్టు ఉన్న కోటగోడల నడుమ, ఈ ఆటను చూడవచ్చును.

ఆలోచించి ఆడుట తప్పా? కాదు. మన గుడి అరుగుల మీద చెక్కిన పులిజూదపు గళ్ల ముందు, మేకలవాడు ఒక్క ఎత్తునకు చుట్ట కాలునంతసేపు కూర్చుండుట మనమెరుగుదుము. చూచువారు విసిగికొందురు గాని ఎవరి సొమ్మును పోదు. చదరంగపు పోటీలలో గడియారము పెట్టుదురు. అచ్చట ఎవని కాలము వానిది. ఆలోచించినకొలది తన నిమిషములే తరుగును. గోల్ఫులో నట్లు కాదు. ఒక బృందము వెనుక ఒక బృందముగా, ఒకే బాట వెంట అందరును నడువవలెను. ముందువాడు తీసికొన్న నిమిషము వెనుకవాని లెక్కలో పడును.

అమెరికా వృత్తి గోల్ఫు సంస్థయైన పీజీఏ టూరు పోటీలలో చిరకాలము 156 మంది పాల్గొనెడివారు. ముగ్గురేసి చొప్పున 52 బృందములు. సగము ఉదయము, సగము మధ్యాహ్నము; అందును సగము మొదటి గుంట నుండి, సగము పదియవ గుంట నుండి బయలుదేరును. అనగా ఒక్కొక్క చోటినుండి ఒక పూటకు 13 బృందములు. పదకొండు నిమిషముల కొకటి చొప్పున పంపినచో కడపటి బృందము కదలుసరికి 2 గంటల 12 నిమిషములగును. మొదట బయలుదేరినవారు తొమ్మిది గుంటలు ముగించి రెండవ వైపునకు చేరుటకు ఇంచుమించుగా పట్టు కాలమును అంతే. ఇక సందెక్కడ ఉన్నది? ఒకడు ఇసుక గోతిలో పడినను, ఒకడు బంతి పోగొట్టుకొన్నను, వరుస బిగిసికొనును. మదనపల్లె టమాటా మార్కెట్టు ద్వారమున ఒక్క బండి అడ్డము తిరిగిన వేళ చూచినవారికి దీనిని వేరుగ వివరింపనక్కరలేదు. కావున తప్పంతయు ఆడువారి నెత్తిన రుద్దుట న్యాయము కాదు, పంపువారిలోను ఉన్నది. 2024లో ఆ సంస్థవారే, 2026 నుండి పోటీదారులు 144 మందికి మించరాదని నిర్ణయించిరి.

అయినను ఆడువారు నిర్దోషులా? 2018 జనవరిలో కాలిఫోర్నియాలోని టోరీపైన్సు మైదానమున జె. బి. హోమ్సు అను క్రీడాకారుడు కడపటి గుంట యొద్ద ఒక్క దెబ్బకు నాలుగు నిమిషములకు పైగా ఆలోచించెను. గాలి తగ్గునేమోయని చూచి చూచి, తుదకు బంతిని గుంట వైపునకు గాక ప్రక్కకు, కురుచగా కొట్టెను! ఆ నాలుగు నిమిషములును గెలుపునకై పోరాడుచున్న అలెక్సు నోరెన్ ప్రక్కన నిలువబడియుండెను. ఆ పోటీ చీకటి పడి సోమవారమునకు పోయినది, నోరెన్ ఓడిపోయెను. ఓటమికి కారణము ఆ నిరీక్షణమే అని మేమనము. కాని చేయి వేడిమీద ఉన్న పనివానిని నాలుగు నిమిషములు నిలబెట్టి చూడుడు.

2017 ఇంగ్లండులోని బర్క్‌డేలు పోటీలో జోర్డాన్ స్పీతు బంతి పదమూడవ గుంట యొద్ద ఎక్కడనో పోయి పడినది. నిబంధనల ప్రకారము దానిని ఎచ్చటనుండి ఆడవలెనో తేల్చుటకు సుమారు ఇరువది నిమిషములు పట్టెను. అంతవరకు ప్రత్యర్థియైన మాట్ కూచరు ఓపికతో వేచియుండెను. స్పీతు పిదప విజృంభించి కప్పు గెలిచెను. అందు నిబంధనలకు విరుద్ధమైనది ఏదియు లేదు. మేము మాత్రము కూచరునే తలచుకొందుము.

శిక్షలు లేవా? ఉన్నవి. కాని అవి ఎవరి మీద పడినవో చూడుడు. 2013 మాస్టర్సు పోటీలో చైనా దేశపు పదునాలుగేండ్ల బాలుడు గువాన్ టియాన్‌లాంగ్, గాలి పోకడ తేలక తడవుకొనుచుండగా, పదిహేడవ గుంట యొద్ద ఒక దెబ్బ జరిమానా వేసిరి. పెద్దలకో? పీజీఏ టూరువారి సాధారణ పోటీలలో 1995లో ఒకరికి వేసిన తరువాత 2017 వరకు, అనగా ఇరువది రెండేండ్లు, జాప్యమునకై ఒక్క దెబ్బయు వేయలేదు. ఆ బాలుడు మారుమాటాడక శిక్షను స్వీకరించి, నాలుగు రోజులును ఆడి ముగించెను. అది మాకు సంతోషకరము.

2019లో నిబంధనలను సవరించిరి. దెబ్బకు 40 సెకండ్లకు మించి తీసికొనరాదని హితవు చెప్పిరి. పోయిన బంతిని వెదకుటకు అయిదు నిమిషములకు బదులు మూడే అనిరి. అంతకు ముందటి సంవత్సరము ఆస్ట్రియాలో ఒక పోటీలో ప్రతి బృందము వెంట గడియారపు బండిని నడపి, సెకండ్లు లెక్కించి ఆడించిరి. రౌండు సుమారు అరగంట తగ్గినది. ఆట చెడలేదు, జరిమానాలు పడినవారు కొద్దిమందే. అయినను ఆ బండి ఇతర మైదానములకు రాలేదు. రేడియోలో పనిచేయు మాకు ఇది వింతగా తోచును. పది నిమిషముల ప్రసంగము పదకొండైనచో ఇచ్చట గాజు అద్దము వెనుకనుండి చేయి ఊపువాడొకడుండును.

మాకు విడవని ప్రశ్న వేరొకటి కలదు. తన తప్పును తానే చెప్పుకొనుట ఈ క్రీడకు అలంకారము. హైదరాబాదు నుండి వెళ్లిన దంపతులకు కాలిఫోర్నియాలో పుట్టిన మన తెలుగు బిడ్డ సాహిత్ తీగల, 2024 ఆగస్టు 31న అట్లాంటాలో, ఆ సంవత్సరపు కడపటి పెద్దపోటీలో ఆడుచుండెను. మూడవ గుంట దగ్గర ఇసుక గోతిలో కఱ్ఱను వెనుకకు తీయునపుడు కొంచెము ఇసుక కదలినట్లు అతనికి అనిపించెను. తానే పిలిచి చెప్పి రెండు దెబ్బల జరిమానా వేయించుకొనెను. పోటీ ముగియునప్పటికి రెండవ స్థానము వానికంటె రెండు దెబ్బలే వెనుకబడి మూడవవాడయ్యెను. ఆ రెండు దెబ్బల వెల లక్షల డాలర్లు.

ఇసుక రేణువు కదలినదని చెప్పుకొను ఈ సజ్జనులలో, "నేను ఇతరుల కాలమును తీసికొంటిని, జరిమానా వేయుడు" అని చెప్పుకొన్నవానిని మేము వినలేదు. ఇసుక కంటికి కనబడును. నిమిషము కనబడదు, పైగా అది పోవునది వేరొకని సంచిలోనుండి.

పరుల సంగతి ఎందుకు? ట్రాక్టరు వెనుక మేము గడపినది పావుగంటయే. అంతకుముందు పుంగనూరులో, మూడడుగులైన లేని ఆ ఊరి పొట్టి ఆవులను చూచుచు, వాని పాల వెన్నను గూర్చి యజమానితో ముచ్చటించుచు ముప్పావుగంట నిలచితిమి. కుప్పములో ఆ వృద్ధునితో ట్రాక్టరు సంగతియే చెప్పితిమి. ఆవుల సంగతి చెప్పలేదు.

ఆయన పల్లెకు పోవు బస్సు ఒంటిగంటకు. గోల్ఫు కథ ముగిసి గనుల కథ ఆరంభమై, పాతాళమునకు దింపు పంజరములో మనుష్యులు ఎక్కి తలుపు వేసికొన్నంతవరకు రాగా, బస్సు హారను వినబడెను. ఆయన తువాలు దులుపుకొని లేచెను. పంజరము ఇంకను దిగనేలేదు. దాని కొరకు మేము వచ్చే నెల మరల కుప్పము పోవలసియున్నది.