కొట్టే పరికరం, చూసే పరికరం



మన పత్తి చేలకూ మిరప తోటలకూ చేరిన పరికరాలు ఎన్నో ఉన్నా, ఈ సాయంత్రం ముఖ్యంగా వీపున మోసే స్ప్రేయర్ గురించి మాట్లాడతాను. దాని పుట్టిల్లు ఫ్రాన్సు. అక్కడ ద్రాక్షతోటలకు బూజు తెగులు సోకినప్పుడు మిల్లార్డే అనే ఆచార్యుడు మైలుతుత్తం, సున్నం కలిపిన మందును 1885లో లోకానికి చెప్పాడు. మన తమలపాకు తోటలు ఎరిగిన బోర్డో మిశ్రమం అదే. మందైతే దొరికింది గాని తోటంతా తడపడం ఎలా? మొదట్లో చీపురుకట్టలు ముంచి చిలకరించారు. ఆ అవస్థలోంచే వీపు మీది డబ్బా, చేతి పంపు, సన్నటి నాజిలు వచ్చాయి. వెర్మొరెల్ అనే తయారీదారు వాటితో పేరు తెచ్చుకున్నాడు.

ఆ డబ్బా మన దగ్గరికి వచ్చాక అందులో ఏం పోశామన్నదే నన్ను కలచివేసే సంగతి. 1980 దశకంలో సింథటిక్ పైరిథ్రాయిడ్లు వచ్చాయి. శనగపచ్చ పురుగు చచ్చింది, దానితోపాటు మిత్రపురుగులూ చచ్చాయి. తెల్లదోమ విజృంభించింది. కొట్టినకొద్దీ పెరిగింది, పెరిగినకొద్దీ కొట్టారు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు అప్పుల పాలై ప్రాణాలు తీసుకున్నారు. ఎప్పుడు కొట్టాలో, అసలు కొట్టాలో వద్దో చెప్పే సాధనం ఆ రైతుల చేతిలో లేదు.

ఆ 1987లోనే జపానులో యమహా సంస్థ మందు చల్లే మానవరహిత హెలికాప్టర్‌ను అమ్మకానికి పెట్టింది. అక్కడి పల్లెల్లో వయసువాళ్లు తగ్గి, వరిచేలో మందు కొట్టే మనిషి కరువయ్యాడు. ఇవాళ మన చేల మీద ఎగిరే డ్రోన్ చేసేదీ ఆ పనే. 2023 నవంబరులో కేంద్రం ఆమోదించిన డ్రోన్ దీదీ పథకం 15,000 మహిళా సంఘాలకు వాటిని ఇవ్వాలని తలపెట్టింది. మన ఆడపడుచులు ఆ యంత్రం నడుపుతుంటే నాకెంతో సంతోషం. అయితే అది ఎకరం చేనును నిమిషాల్లో తడిపేస్తుంది. పాత పొరపాటునూ అంతే వేగంగా చేసేయగలదు.

చూసే పరికరాలూ మనకున్నాయి, చవకైనవి. లింగాకర్షక బుట్టలో ఆడ రెక్కల పురుగు వాసనను పోలిన ఎర పెడితే మగవి వచ్చి పడతాయి. గులాబీ రంగు పురుగు విషయంలో, బుట్టకు రోజుకు 8 చొప్పున వరసగా మూడు రోజులు పడితేనే మందు మాట ఎత్తాలి. తెల్లదోమకు పసుపు జిగురు అట్ట, తామర పురుగుకు నీలం అట్ట. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతలో దూరి మందుకు అందకుండా తోటలను నాశనం చేసింది. అలాంటిదాన్ని తొలిరోజుల్లోనే పసిగట్టాలి. డబ్బా నిండా మందు తెచ్చుకునే ఊళ్లో పది అట్టలు కట్టుకోకపోవడం నాకు మింగుడుపడదు.

అందుకే ఈ సభ నిర్వాహకులకు ఒక విన్నపం. డ్రోన్ తీసుకునే ప్రతి సంఘమూ ముందు చేలల్లో బుట్టలు కట్టించాలి, పడిన పురుగుల లెక్క రోజూ ఊరి బోర్డు మీద రాయించాలి. రాసే పని హైస్కూలు పిల్లలకు అప్పగించవచ్చు. బుట్టలకూ, ఎప్పటికప్పుడు మార్చాల్సిన ఎరలకూ మొదటి ఏడాది ఖర్చు మీ స్మారక నిధి నుంచి ఇవ్వండి. ఒప్పుకుంటే వచ్చే ఖరీఫ్‌కే మొదలుపెట్టవచ్చు.