ప్రార్థన పేరుతో భయపెడితే...



ఈ పుస్తకంలో మీరు మామూలుగా షుగర్ గురించి, టీబీ గురించి, గర్భిణుల ఆహారం గురించి చదువుతుంటారు. ఈసారి చెప్పబోయే బాధకు స్కానింగు లేదు, రక్తపరీక్ష లేదు. అయినా మా వార్డులకు వచ్చే కొందరి కేసు షీటు వెనుక అది దాగి ఉంటుంది. దేవుని పేరు చెప్పి ఒక మనిషి మరొక మనిషిని భయపెట్టడం, లొంగదీసుకోవడం, అతని బ్రతుకు మీద పెత్తనం చేయడం. దీనిని ఆధ్యాత్మిక హింస అంటున్నారు. సంఘం నడిపే ఆసుపత్రి ఈ మాట ఎత్తడం కొందరికి ఇబ్బందిగా ఉండవచ్చు. కాని మన ఇంట్లో తగిలిన గాయానికి మనమే కట్టు కట్టాలి గదా!

ముందుగా ఆసుపత్రిలో కనబడే సంగతి చెబుతాను. ములుగు వైపు నుండో, నర్సంపేట వైపు నుండో ఒక పిల్లవాడిని ఆగకుండా ఫిట్స్ వస్తుంటే ఆటోలో తీసుకొస్తారు. "గోలీలు వాడుతున్నారా అమ్మా?" అని అడిగితే తల్లి తల వంచుకుంటుంది. కాసేపటికి మెల్లగా అంటుంది: "ప్రార్థనలో పెట్టినం సార్. గోలీలు వేస్తే విశ్వాసం లేనట్టే అన్నరు." ఆ తల్లిని తప్పు పట్టకండి. బిడ్డ బాగుపడాలనే ఆమె ఆ మాట విన్నది.

ఫిట్స్ మందులు హఠాత్తుగా ఆపితే ఒకదాని వెంట ఒకటి ఫిట్స్ వచ్చి ప్రాణానికే ముప్పు రావచ్చు. చిన్న వయసులో వచ్చే షుగర్ వ్యాధికి ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజులలోనే రక్తం విషమిస్తుంది. హెచ్.ఐ.వి. మందులు జీవితాంతం వాడవలసినవి. ఇక టీబీ సంగతి ప్రత్యేకంగా తెలుసుకోండి. మామూలు టీబీకి కనీసం 6 నెలలు మందులు వాడాలి. అయితే రెండు నెలలు తిరిగేసరికే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ముఖం తేటపడుతుంది. సరిగ్గా అప్పుడే స్వస్థత కూటంలో సాక్ష్యం చెప్పించి మందులు మాన్పిస్తారు. లోపల మిగిలిన క్రిములు తిరిగి లేస్తాయి, కొన్నిసార్లు పాత మందులకు లొంగనంత మొండిగా. మానసిక వ్యాధులలోనూ ఇంతే. మందు ఆపిన కొత్తలో మత్తు తగ్గి మనిషి చురుకుగా కనబడతాడు, జబ్బు తిరగబెట్టేది వారాల తరువాతో, నెలల తరువాతో. సాక్ష్యం చెప్పిన రోజు అందరికీ గుర్తుంటుంది. తిరిగి అడ్మిట్ అయిన రోజు మాత్రం ఏ మైకులోనూ వినబడదు.

అసలు హింస ఆ తరువాత మొదలవుతుంది. జబ్బు తగ్గితే ఘనత నాయకునిది. తగ్గకపోతే మాత్రం నీలో పాపం ఉంది, నీ ఇంట్లో శాపం ఉంది, నీవు దశమభాగం ఎగ్గొట్టావు అంటారు. అప్పటికే నీరసించిన రోగి ఈ బరువు కూడా మోయాలి. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టు గ్రుడ్డివాని విషయమై శిష్యులు అడిగింది ఇటువంటి ప్రశ్నే. వాడు గాని వాని తల్లిదండ్రులు గాని చేసిన పాపం అందుకు కారణం కాదని యేసు తేల్చి చెప్పారు.

మందుకు, ప్రార్థనకు పగ లేదు. హిజ్కియా రాజు పుండుకు అంజూరపు పండ్ల కట్టు వేయించినవాడు యెషయా ప్రవక్తే. తిమోతి కడుపు నొప్పికి పౌలు ఉపాయం చెప్పాడు గాని అతని విశ్వాసాన్ని తూకం వేయలేదు. లూకా వైద్యుడు. మన తెలుగు నేల మీదనే చూడండి. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. 1920లో ఆస్ట్రేలియా నుండి అదే ఊరికి వచ్చిన డాక్టర్ సిస్టర్ మేరీ గ్లౌరీ 1943లో కాథలిక్ ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. వీరు ప్రార్థించని వారా? ప్రార్థించారు, మందూ ఇచ్చారు.

ఆధ్యాత్మిక హింస మందుల దగ్గరే ఆగదు. డబ్బు అడగడం, చెయ్యి చేసుకోవడం లేకుండానే అది జరగవచ్చు. ఇంగ్లండులో ఆబింగ్డన్ అనే ఊరి గురువు ఒకరు 2012, 2013 సంవత్సరాలలో ఒక పదిహేను, పదహారేళ్ల బాలునికి మార్గదర్శిగా ఉన్నారు. ఆ కుటుంబం ఇంట్లోనే కొంతకాలం మకాం పెట్టి గంటల తరబడి బైబిలు, ప్రార్థన. పైకి చూస్తే ఎంత మంచి పని! కాని వాక్యం, ప్రార్థన, ప్రవచనం చూపి ఆ బాలుని జీవితాన్ని, అతను ఎవరితో స్నేహం చేయాలన్న విషయాన్ని సైతం తన చేతిలోకి తీసుకోజూశారని చర్చి విచారణ సంఘం దోషిగా తేల్చింది. ఆ తీర్పు 2018 జనవరిలో బయటికి వచ్చింది. 2024 నవంబరులో వాటికన్ కూడా ఆధ్యాత్మిక హింసను చర్చి చట్టంలో ప్రత్యేక నేరంగా చేర్చడంపై పరిశీలనకు ఒక బృందాన్ని ఏర్పాటు చేస్తున్నట్టు ప్రకటించింది.

మరి మీరు ఎలా గుర్తు పట్టాలి? ప్రశ్న అడిగి చూడండి. కానుకల లెక్క అడిగినప్పుడు, "ఈ సంబంధం మాకు ఇష్టం లేదు" అన్నప్పుడు, "డాక్టరుకు చూపిస్తాం" అన్నప్పుడు ఎదుటి ముఖం ఎలా మారుతుందో గమనించండి. మంచి కాపరి జవాబు చెబుతాడు, లేదా తెలియదంటాడు. హింసించేవాడు జవాబుకు బదులు శాపం చూపిస్తాడు. "అభిషిక్తుని ముట్టకూడదు" అని 105వ కీర్తన ఎత్తుకుంటాడు. ఆ కీర్తన తీసి నిదానంగా చదవండి. అక్కడ అభిషిక్తులంటే కొద్దిమందిగా, పరదేశులుగా తిరుగుతున్న అబ్రాహాము ఇంటివారు. హెచ్చరిక అందుకున్నది రాజులు. బలహీనులను కాపాడే మాటను బలవంతుడు డాలుగా పట్టుకోవడం ఏ న్యాయం?

"అంత బాధయితే బయటికి రావచ్చు గదా" అని తేలికగా అనేవారున్నారు. మన పల్లెల్లో సంఘం అంటే ఆదివారం రెండు గంటలు మాత్రమే కాదు. బిడ్డ పెళ్లి చేసేది వారు, కష్టంలో బియ్యం తెచ్చేది వారు, రేపు చనిపోతే సమాధి దగ్గర నిలబడేదీ వారే. "నీ శవాన్ని కూడా ముట్టం" అన్న ఒక్క మాట ముసలివారిని ఏళ్ల తరబడి కట్టి పడేస్తుంది.

ఒక సంగతి కలగలపకండి. తాగుడు మానమని గురువు గద్దించడం, భార్యను కొట్టవద్దని పెద్దలు నిలదీయడం హింస కాదు. అది వారి బాధ్యత.

ఇది ఎంత దూరం పోగలదో కెన్యా దేశం చూపింది. 2023లో షకహోలా అడవిలో ఒక బోధకుని అనుచరుల శవాలు 400కు పైగా బయటపడ్డాయి. ఉపవాసం ఉండి చనిపోతే యేసును చూస్తారని నమ్మించారన్నది ఆరోపణ. 2024లో విచారణ మొదలయింది. తాను నిర్దోషినని ఆ బోధకుడు కోర్టులో చెప్పారు.

గాయపడినవారికి గుడి గంట వింటేనే గుండె దడ పుట్టవచ్చు. నిద్ర పట్టదు, బైబిలు తెరవడానికి చేయి రాదు. ఇది విశ్వాసం పోవడం కాదు, భయపడిన శరీరం చేసే పని. ఇంట్లోవారు వెంటనే మరొక కూటానికి లాక్కుపోవద్దు. "క్షమించు, మర్చిపో" అని తొందరపెట్టవద్దు. క్షమించినవారు తిరిగి అదే గడప తొక్కాలని ఎక్కడా లేదు. నమ్మదగిన ఒక్కరికి జరిగింది చెప్పండి. తేదీలు, ఇచ్చిన డబ్బు, అన్న మాటలు ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. ఏ చీర కట్టాలి, ఎవరింటికి పోవాలి వంటి చిన్న నిర్ణయాలు ఎవరినీ అడగకుండా మీరే తీసుకోవడం మొదలుపెట్టండి. ఏళ్ల తరబడి ఇంకొకరి అనుమతితో బ్రతికిన మనసుకు ఇది పెద్ద వ్యాయామం.

ప్రార్థన సాకుతో ఒంటి మీద చేయి వేస్తే అది సంఘ పెద్దలు తీర్చే తగవు కాదు, పోలీసు కేసు. బాధితులు 18 ఏళ్ల లోపువారైతే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. గురువైనా, సిస్టరైనా, మా ఆసుపత్రి వారైనా సరే. పిల్లలకు 1098, స్త్రీలకు 181, అత్యవసరానికి 112. మనసు బాగాలేనప్పుడు 14416కు ఫోన్ చేస్తే 2022 నుండి నడుస్తున్న టెలీ మానస్ వారు ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు.

మందు ఆపేసి ఉంటే ఈ పుస్తకం ప్రక్కన పెట్టి దవాఖానకు రండి. మిగిలిన గోలీల పట్టీ, పాత చీటీ తీసుకురండి. ఆపి ఎన్నాళ్లయిందో ఉన్నది ఉన్నట్టు డాక్టరుకు చెప్పండి. మీ అంతట మీరే పాత మోతాదు మళ్లీ మొదలుపెట్టకండి, కొన్ని మందులను తిరిగి కొద్ది కొద్దిగా పెంచవలసి ఉంటుంది. ఎందుకు ఆపారని ఇక్కడ ఎవరూ మిమ్మల్ని తిట్టరు.