గడువు తీరిన కాపలావాడు

(రేడియో ప్రసంగ పాఠం)



ఈ వారం మన ఇళ్ళల్లో కంప్యూటర్లను కాపాడే యాంటీవైరస్ ప్రోగ్రాముల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. మామూలుగా నన్నందరూ అడిగే ప్రశ్న "వాటిల్లో ఏది మంచిదండీ?" అని. ఈ రోజు నేను చెప్పబోయేది అది కాదు. ఉన్నదాని లైసెన్సు గడువు తీరిపోతే ఏం చెయ్యాలన్నది.

కొత్త ల్యాప్‌టాప్ కొంటే చాలాసార్లు అందులో ఏదో ఒక యాంటీవైరస్ నెలకో, ఏడాదికో ఉచితంగా వస్తుంది. గడువు తీరగానే తెర మీద హెచ్చరికలు మొదలవుతాయి. డబ్బు కట్టడం ఇష్టంలేక ఇంకో ప్రోగ్రాము తెచ్చి దాని పక్కన పెడతాం. పాతదాన్ని మాత్రం తీసెయ్యం. "పడి ఉంటే పోయేదేముంది?" అనుకుంటాం. చిక్కంతా అక్కడే ఉంది.

మా ఊళ్ళో ఒక పెద్దావిడ ఉన్నారు. భర్త పోయాక బ్యాంకు పనులు, పన్నుల కాగితాలు, ఇండియాలో ఉన్న అక్కచెల్లెళ్ళతో మాటలు, అన్నీ ఆ ఒక్క కంప్యూటరు మీదే. అది మరీ నెమ్మదించిందంటే వెళ్ళి చూశాను. లోపల మూడు యాంటీవైరస్‌లు! ఒకటి కంప్యూటరుతో వచ్చింది, ఒకటి అబ్బాయి పెట్టింది, ఒకటి ఎవరో చుట్టాలు పెట్టి వెళ్ళింది. మొదటి రెండింటికీ గడువు తీరింది. మూడోదానికి అప్‌డేట్లు ఆగిపోయి నెలలయింది. "మూడున్నాయి కదా బాబూ, భయం లేదనుకున్నాను" అన్నారావిడ. ముగ్గురు కాపలావాళ్ళున్న ఇంట్లో మెలకువగా ఉన్నవాడు ఒక్కడూ లేడు.

ఇలా ఎందుకవుతుంది? మనం ఒక ఫైలు తెరిచినప్పుడు యాంటీవైరస్ మధ్యలో నిలబడి, దాన్ని తనిఖీ చేసి, అప్పుడు వదులుతుంది. రెండు ఉంటే, ఒకటి తనిఖీకి ఫైలు తెరవగానే రెండోది "ఆగు, నేను చూడాలి" అంటుంది. పని రెట్టింపవుతుంది. ఒకటి పట్టి దాచిన వైరస్‌ను చూసి రెండోది కేకలు పెట్టవచ్చు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మన పెద్దలు ఊరికే అనలేదు.

పైగా ఈ ప్రోగ్రాములు విండోస్‌లో చాలా లోతున కూర్చుంటాయి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క తప్పు అప్‌డేట్‌తో, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల కంప్యూటర్లు కుప్పకూలాయి. అది రెండు యాంటీవైరస్‌ల తగాదా కాదు. కానీ అంత లోతున ఉన్నవాళ్ళు తడబడితే ఏమవుతుందో లోకానికి చూపించింది.

ఇక చెయ్యవలసింది వినండి. విండోస్ సెక్యూరిటీ అనే పేజీ తెరిచి, ప్రస్తుతం కాపలా కాస్తున్నది ఎవరో చూడండి. పాతదాన్నే కొనసాగించాలంటే ఆ కంపెనీ వెబ్‌సైటు చిరునామా మీరే టైపు చేసి వెళ్ళి డబ్బు కట్టండి. వద్దనుకుంటే పూర్తిగా తీసెయ్యండి. తీసేముందు ఒక్క జాగ్రత్త: కొన్నిటిలో మీ పాస్‌వర్డులు కూడా దాచి ఉంటాయి. వాటిని ముందు బయటికి తెచ్చుకోండి. తర్వాత సెట్టింగ్స్‌లో యాప్స్ దగ్గరికెళ్ళి అన్‌ఇన్‌స్టాల్ చేసి, కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టండి. ఇంకా అవశేషాలు మిగిలితే, వాటిని ఊడ్చడానికి పెద్ద కంపెనీలు చాలావరకు విడిగా ఒక చిన్న ప్రోగ్రాము ఇస్తాయి. దాన్ని ఆ కంపెనీ సైటు నుంచే తెచ్చుకోండి.

ఆ తర్వాత వేరేది కొనాలా? తప్పనిసరేం కాదు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి డిఫెండర్ అనే యాంటీవైరస్ విండోస్‌లోనే ఉంటోంది. వేరేది పెడితే అది పక్కకి తప్పుకుంటుంది, తీసేస్తే మళ్ళీ బాధ్యత తీసుకుంటుంది. తీసుకుందో లేదో మాత్రం కళ్ళారా చూసుకోండి. అనుమానమొస్తే, పిలిచినప్పుడే వచ్చి వెతికే రెండో ప్రోగ్రాము వాడుకోవచ్చు. రోజంతా కాపలా కాసేది మాత్రం ఒక్కటే ఉండాలి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందన్నది కూడా గుర్తుంచుకోండి.

చివరిగా ఇంకొక్క మాట. "మీ యాంటీవైరస్‌కి వందల డాలర్లు కట్ చేశాం, వద్దంటే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి" అని మెయిల్ వస్తే చెయ్యకండి. అది దొంగల ఎర. మన ఇంటికి వచ్చి ఉన్న అమ్మానాన్నలకి కూడా ఈ మాట చెప్పి ఉంచండి. ఆ పెద్దావిడ కంప్యూటర్లో ఇప్పుడు ఒక్కటే ఉంది, అది మెలకువగా ఉంది. ఈ శనివారం మీ ఇంట్లో ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి.