మూట కట్టే చేయి, మూట దింపే చోటు
(ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదు సంవత్సరాలుగా తెలుగులో పాఠాలు చెబుతున్న ఈ బడిలో చదివినవారు కొందరు నేడు కంప్యూటరు రంగంలో జీవిస్తున్నారు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు "నీ పని ఏమిటి నాయనా?" అని తల్లి అడిగితే, "జావా అప్లికేషన్లు డిప్లాయ్ చేస్తానమ్మా" అని చెప్పి ఊరుకుంటారు. తల్లికి అది అర్థం కాదు. విప్పి చెప్పే తీరిక బిడ్డకు ఉండదు. నిజానికి అది తెలుగులో చెప్పరాని సంగతి కాదు. ఒక మూట కట్టడం, దానిని తగిన చోట దింపడం, అంతే. కాని ఆ మూటలో ఏముందో కట్టినవారికి తెలియకపోతే ఎంత నష్టం వాటిల్లుతుందో గత కొన్నేళ్ల చరిత్ర చెబుతున్నది.

జావా భాషను అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1995లో లోకానికి అందించింది. జేమ్స్ గాస్లింగ్ దాని రూపకర్తలలో ముఖ్యుడు. ఒకసారి రాసిన ప్రోగ్రాము ఏ యంత్రం మీదనైనా నడవాలన్నది దాని ఆశయం. ఒక వెబ్ అప్లికేషన్‌లో, అంటే పరీక్షా ఫలితాలు చూపేదో, టిక్కెట్లు ఇచ్చేదో అయిన ప్రోగ్రాములో, వందలకొద్దీ ఫైళ్లు ఉంటాయి. ప్రోగ్రామర్లు రాసినవి కొన్ని, తెరమీద కనిపించే పుటలు, బొమ్మలు కొన్ని, ఇతరులు రాసి పెట్టగా వాడుకునే లైబ్రరీలు కొన్ని. వీటిని ఒక్కొక్కటిగా చేతితో మోసి సర్వరు మీద పెడితే ఏదో ఒకటి మరచిపోవడం ఖాయం. ఈ చిక్కు తీర్చడానికి 1999లో వెలువడిన సర్వ్‌లెట్ 2.2 ప్రమాణం ఒక కట్టుబాటు చేసింది. అన్నీ కలిపి ఒకే ఫైలుగా కట్టాలి. దాని పేరు వెబ్ ఆర్కైవ్, ముద్దుగా 'వార్'. లోపల చూస్తే అది మామూలు జిప్ ఫైలే.

ఆ మూటలో దేని చోటు దానికి ఉంది. పుటలు, బొమ్మలు పైభాగాన ఉంటాయి. వచ్చినవారందరికీ అవి కనబడవచ్చు. 'వెబ్-ఇన్ఫ్' అనే లోపలి గదిలోనివి బయటివారు నేరుగా అడిగితే సర్వరు ఇవ్వదు. ఆ గదిలోనే 'క్లాసెస్' అనే అరలో సొంత ప్రోగ్రాములు, 'లిబ్' అనే అరలో అరువు లైబ్రరీలు, 'వెబ్ డాట్ ఎక్స్‌ఎంఎల్' అనే వివరణ పత్రం ఉంటాయి. ఏ చిరునామాకు ఏ ప్రోగ్రాము బదులు చెప్పాలో ఆ పత్రం చెబుతుంది. 2009లో వచ్చిన సర్వ్‌లెట్ 3.0 తరువాత ఆ వివరాలను ప్రోగ్రాములోనే గుర్తులుగా రాసే వీలు కలిగింది గనుక, పత్రం తప్పనిసరి కాకుండా పోయింది.

ఇక మూట దింపే చోటు. సన్ సంస్థలో పుట్టి 1999లో అపాచీ సంస్థకు దక్కిన టామ్‌క్యాట్ ఉచితంగా లభించేది, వెబ్ పనికి సరిపడేది. వెబ్‌లాజిక్, వెబ్‌స్ఫియర్, వైల్డ్‌ఫ్లై వంటివి ఇంకా విస్తారమైన అప్లికేషన్ సర్వర్లు. వచ్చిన ప్రతి కోరికను అందుకోవడం, ఒకేసారి వేలమంది వచ్చినా పనిని పంచడం, డేటాబేసుతో సంబంధాలను ముందే తెరచి సిద్ధంగా ఉంచడం ఆతిథ్యమిచ్చే సర్వరు బాధ్యతలు.

అయితే మూటలో ఏది పెట్టాలి, ఏది పెట్టరాదు? ఈ వివేకమే ఈ వృత్తికి ప్రాణం. పొయ్యి ఉన్న ఇంటికి పొయ్యి మోసుకుపోనక్కరలేదు. సర్వ్‌లెట్ నిర్వచనాలు సర్వరు దగ్గరే ఉంటాయి. వాటిని మూటలో కట్టకూడదు. మేవెన్ అనే కట్టుబడి సాధనంలో 'ప్రొవైడెడ్' అని ఒక్క మాట రాస్తే అవి బయటనే ఉండిపోతాయి. తన వంటకు కావలసిన దినుసులు మాత్రం తానే తెచ్చుకోవాలి. టామ్‌క్యాట్ ఏ లైబ్రరీ కోసమైనా సాధారణంగా ఆ అప్లికేషన్ మూటలోనే మొదట వెతికి, అక్కడ లేకపోతేనే ఉమ్మడి కొట్టుకు పోతుంది. అందుచేత ఒకే సర్వరు మీద రెండు అప్లికేషన్లు ఒకే లైబ్రరీ పాత కూర్పును ఒకటి, కొత్త కూర్పును ఒకటి వాడుకుంటూ కలహం లేకుండా కాపురం చేయగలవు.

డేటాబేసు చిరునామా, రహస్య పదం మాత్రం ఎన్నడూ మూటలో కట్టరాదు. అవి స్థలాన్ని బట్టి మారేవి. మూటలో ఒక పేరు మాత్రమే ఉంటుంది. ఆ పేరుకు అర్థం ఏమిటో సర్వరు చెబుతుంది. పరీక్షా సర్వరు మీద ఆ పేరు ఒక డేటాబేసును చూపితే, ప్రజలు వాడే సర్వరు మీద మరొకదానిని చూపుతుంది. మూట మాత్రం ఒక్కటే. పరీక్షించిన మూటనే ప్రజల ముందుకు పంపాలి. మధ్యలో విప్పి మళ్లీ కడితే, పరీక్షించినది ఒకటి, నడుస్తున్నది మరొకటి అవుతుంది.

దింపడం చూడటానికి సులభమే. టామ్‌క్యాట్‌లో 'వెబ్‌యాప్స్' అనే చోట ఫైలును పెడితే సర్వరు తానే విప్పుకొని నడుపుతుంది. ఫైలు పేరే చిరునామాలో భాగమవుతుంది. పాతదాని మీద కొత్తది మాటిమాటికీ దింపుతూ పోతే పాతదాని అవశేషాలు జ్ఞాపకశక్తిలో పేరుకుని సర్వరు కూలిపోయే ప్రమాదం ఉన్నది గనుక, అనుభవజ్ఞులు సర్వరును ఆపి, మళ్లీ మొదలుపెడతారు. నిన్నటి మూటను పారవేయరు. కొత్తది బెడిసికొడితే వెనుకకు పోవడానికి అదే దారి.

ఈ జాగ్రత్తలు చాదస్తమని కొత్తవారికి అనిపించవచ్చు. అమెరికాలో 2012 ఆగస్టు 1న జరిగిన సంఘటన అందుకు సమాధానం. నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ తన ఎనిమిది సర్వర్ల మీద కొత్త ప్రోగ్రాము పెట్టదలచింది. ఏడింటి మీద పెట్టారు, ఎనిమిదవది మరచిపోయారు. దాని మీద మిగిలిన పాత ప్రోగ్రాము మేలుకొని అక్కరలేని కొనుగోళ్లు, అమ్మకాలు చేసింది. సుమారు 45 నిమిషాలలో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. అది వార్ ఫైలు కథ కాకపోయినా, దింపడంలో ఒక్క సర్వరును లెక్కించకపోతే ఏమవుతుందో చెప్పే కథ.

కట్టడంలో పాఠం 2021 డిసెంబరులో వచ్చింది. సర్వరులో ఏం జరిగిందో చిట్టా రాసే లాగ్4జె అనే జావా లైబ్రరీలో ఒక లోపం బయటపడింది. దుండగుడు పంపిన ఒక్క వాక్యాన్ని అది చిట్టాలో రాసుకుంటే చాలు, బయటి నుంచి అతని ప్రోగ్రామును తెచ్చి నడిపే ప్రమాదం ఏర్పడింది. తీవ్రతకు పదికి పది మార్కులు పడ్డాయి. లోపం దిద్దిన కొత్త కూర్పు త్వరలోనే వచ్చింది. చిన్న ఫైలును మార్చడం పెద్ద పని కాదు. అది ఏ మూటలో, ఏ అరలో, ఏ లైబ్రరీ కడుపులో దాగి ఉన్నదో కనిపెట్టడమే పెద్ద పని అయింది. ఎందరో తాము కోరి తెచ్చుకోలేదు. తాము తెచ్చుకున్న మరొక లైబ్రరీ వెంట అది వచ్చి చేరింది. మూటలోని వస్తువుల జాబితాను ముందే రాసి ఉంచుకున్నవారు ఆ జాబితా చూసుకుంటే సరిపోయింది. తక్కినవారు సర్వరు తరువాత సర్వరు వెతకవలసి వచ్చింది.

పేర్ల చిక్కు మరొకటి. సన్ సంస్థను 2010లో ఒరాకిల్ కొన్నది. జావా ఎంటర్‌ప్రైజ్ ప్రమాణాలను 2017లో ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించనున్నట్లు ప్రకటించింది. పాత పేరు వాడే హక్కు అందులో రాలేదు. అందుచేత 2020లో వచ్చిన జకార్తా 9వ కూర్పులో ప్రోగ్రాములలోని 'జావాఎక్స్' అనే ముందుమాట 'జకార్తా' అయింది. మద్రాసు చెన్నై అయినా పాత చిరునామా రాసిన ఉత్తరాన్ని తపాలా జవాను చేర్చగలడు. కంప్యూటరుకు ఆ లౌక్యం లేదు. పాత వార్ ఫైలు టామ్‌క్యాట్ 10 మీద ఉన్నదున్నట్లు నడవదు. పేర్లు మార్చి పెట్టే సాధనాన్ని టామ్‌క్యాట్ వారే ఇచ్చారు.

2014లో స్ప్రింగ్ బూట్ మొదటి కూర్పు వచ్చాక సర్వరునే మూటలో కట్టి పంపే పద్ధతి వ్యాపించింది. పొయ్యిని కూడా వెంట తీసుకుపోవడమన్నమాట. మోసే బరువు పెరిగింది. ఆ పొయ్యి బాగోగులు చూసే బాధ్యత కూడా కట్టినవారిదే అయింది. ధర్మం మాత్రం మారలేదు: ఏం కట్టామో తెలియాలి, పరీక్షించినదే పంపాలి, వెనుకకు వచ్చే దారి ఉంచుకోవాలి.

తరాల కిందట ఈ ప్రాంతానికి వచ్చి స్థిరపడిన తెలుగువారికి ఈ ధర్మం కొత్తది కాదు. వారు భాషను, పద్యాన్ని, పండుగను వెంట తెచ్చుకున్నారు; నేలను, నీటిని, ఇరుగుపొరుగు స్నేహాన్ని ఇక్కడి నుంచి పొందారు. ఏది మోయాలో, ఏది ఇక్కడివారిని అడిగి తీసుకోవాలో ఎరిగినందువల్లనే ఈ బడి నిలిచింది. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లిన పూర్వ విద్యార్థి తల్లి అడిగిన ప్రశ్నకు కూర్చుని తెలుగులో జవాబు చెప్పాలి. తన పనిని తల్లికి అర్థమయ్యేలా చెప్పడానికి కూర్చున్నవారికి, తమ మూటలో తమకే తెలియనిది ఏముందో కూడా అప్పుడే బోధపడుతుంది.

పాఠశాల శతాబ్ది ఉత్సవాలు జరుపుకోవాలని ఆకాంక్ష. స్వస్తి.