తూకానికి పోయిన కళ: కంచు విగ్రహాలు ఎందుకింత తక్కువ మిగిలాయి?

ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్తాను. మా అమ్మమ్మకి పెద్ద కంచు చెంబు ఉండేది. వేలితో కొడితే గుడి గంటలా మోగేది. అమ్మమ్మ పోయాక ఇల్లు సర్దుతూ దాన్ని పాత సామాన్లు కొనే అతనికి వేసేశాం. కిలో ఇంత అని తూచాడు. పక్కన నిలబడి డబ్బులు లెక్కపెట్టుకున్నది నేనే. ఈ ఎపిసోడ్ కోసం చదువుతుంటే అర్థమైంది, నేను చేసిన ఆ పనే మనుషులు వేల ఏళ్లుగా చేస్తున్నారని.

కంచు అంటే రాగిలో తగరం కలిపిన లోహం. ఉత్త రాగి కన్నా గట్టిది, పైగా తక్కువ వేడికే కరుగుతుంది. అందుకే శిల్పులకి అంత ఇష్టం. కానీ ఆ కరిగే గుణమే దాని కొంప ముంచింది. రాతి విగ్రహాన్ని పగలగొడితే ముక్కలైనా మిగులుతాయి. కంచు విగ్రహాన్ని కరిగిస్తే? గంట చేసుకోవచ్చు, ఫిరంగి చేసుకోవచ్చు, నాణేలు పోసుకోవచ్చు. విగ్రహం ఆనవాలు కూడా ఉండదు.

ఇంకో సంగతి. ముందు బొమ్మని మైనంతో చేస్తారు. కళ్లు, నగలు, బట్ట మడతలు అన్నీ మైనంలోనే. దాని మీద మెత్తని ఒండ్రుమట్టి పొరలు పొరలుగా పూసి, ఆరబెట్టి, కాలుస్తారు. మైనం కరిగి కారిపోతుంది. లోపల మిగిలిన ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. చల్లారాక మట్టి అచ్చు పగలగొట్టాల్సిందే. అంటే మైనం బొమ్మా లేదు, అచ్చూ లేదు. ఆ విగ్రహం ఒక్కటే! పోయిందంటే మళ్లీ అదే రాదు. దీన్నే మధూచ్ఛిష్ట విధానం అంటారు. తమిళనాడులోని స్వామిమలైలో స్థపతులు ఇప్పటికీ ఇలాగే పోస్తున్నారు.

మొహెంజొదారో నాట్యగత్తెని టెక్స్ట్‌బుక్‌లో చూసే ఉంటారు. ఎత్తు పదిన్నర సెంటీమీటర్లే, మీ చేతిలో ఉన్న ఫోన్ కన్నా చిన్నది! నడుం మీద చెయ్యి, ఎడమ చేతి నిండా గాజులు. దాదాపు 4500 ఏళ్ల కిందటి ఆ బొమ్మ 1926 తవ్వకాల్లో దొరికింది. ఎలా మిగిలింది? మట్టిలో కప్పబడిపోయింది కాబట్టి.

గ్రీసుకి వెళ్దాం. అక్కడి గొప్ప శిల్పులు కంచులో నిలువెత్తు విగ్రహాలు పోశారు. ఇప్పుడు చాలావాటిని రోమన్లు చెక్కించుకున్న పాలరాతి నకళ్లలోనే చూడగలం. అసలువి కంచు కాగడా పెట్టి వెతికినా దొరకవు. అలాంటిది 1972లో ఇటలీలోని రియాచే దగ్గర సముద్రంలో ఈతకి దిగిన ఒకాయనకి ఇసుకలోంచి ఒక చెయ్యి కనిపించింది. తీసి చూస్తే రెండు గ్రీకు వీరుల కంచు విగ్రహాలు, మనిషి కన్నా ఎత్తుగా! నీళ్లలో మునిగాయి కాబట్టే బతికాయి.

ఇక చోళుల నటరాజు. అవి ఊరేగింపు విగ్రహాలు. పీఠానికి రంధ్రాలు కనిపిస్తాయి, కర్రలు దూర్చి మోయడానికి. దండయాత్రల భయం వచ్చినప్పుడు చాలాచోట్ల వాటిని భూమిలో పాతిపెట్టారు. 1976లో పత్తూరు అనే ఊళ్లో ఒక కూలీ తవ్వుతుంటే అలాంటి నటరాజు బయటపడ్డాడు. చేతులు మారి లండన్ చేరాడు. అక్కడి కోర్టులో ఏళ్ల తరబడి కేసు నడిచింది. ఆ గుడి తరఫున వాదన గెలిచి 1991లో స్వామి ఇంటికొచ్చాడు.

మన దగ్గరా ఉన్నాయి. బాపట్ల దగ్గరి బుద్ధాంలో దొరికిన కంచు బుద్ధ విగ్రహాలు ఇప్పుడు లండన్‌లో, బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

గమనించారా? మనకి మిగిలినవాటిలో చాలా వరకు పాతిపెట్టినవో, మునిగినవో, మరిచిపోయినవో. మనిషి చేతికి అందుబాటులో ఉన్నవి మాత్రం ఎక్కువగా కొలిమిలోకే పోయాయి.

అమ్మమ్మ చెంబు శిల్పం కాదు, నాకు తెలుసు. కానీ దాని మోత నా చెవిలో ఇంకా ఉంది, చెంబే లేదు. మీ ఇంట్లో అటక మీద పాత కంచు సామాను ఏదైనా ఉంటే, తూకానికి వేసే ముందు ఒక్కసారి దింపి, వేలితో కొట్టి వినండి. అది ఎవరిదో ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. ఆ తర్వాత మీ ఇష్టం.

మళ్లీ కలుద్దాం, ఉంటాను.