పసిబిడ్డకు పరీక్ష – పెద్దలకు నిరీక్షణ



ఈనాటి ప్రసంగమునకు మేము ఎన్నుకొనిన విషయము పైకి చిన్నదిగా కనిపించును. ప్రసవమైన రెండు మూడు దినములకు శిశువు మడమ నుండి కొన్ని రక్తపు చుక్కలు తీసి పరీక్షకు పంపుదురు. ఫలితము వచ్చుటకు కొన్ని దినములు పట్టును. ఆ దినములలో ఆ యింటివారు పడు ఆరాటమును గూర్చియే మా మాటలు.

పురిటి బిడ్డ పేరున అర్చన చేయించుటకు ఆలయములకు వచ్చువారిని మనము చూచుచునే యుందుము. తండ్రికి మైల గనుక మైల లేని స్నేహితుడో, పొరుగువారో వత్తురు. గోత్రము చెప్పుదురు, నక్షత్రము చెప్పుదురు, పేరు అడిగినచో ఇంకను పెట్టలేదందురు. "ఏదో పరీక్ష చేసినారండీ, రిపోర్టు రావలెను" అని మెల్లగా అందురు. ఆ మెల్లదనములోనే భయమంతయు ఉన్నది.

భయము తగ్గవలెనన్న ముందుగా ఆ పరీక్ష ఏమిటో తెలియవలెను. 1960 దశకపు ప్రారంభమున అమెరికాలో రాబర్ట్ గత్రీ అను వైద్యశాస్త్రజ్ఞుడు ఈ పద్ధతిని కనుగొనెను. ఆయన కుమారుడు బుద్ధిమాంద్యముతో బాధపడినవాడు. దగ్గరి బంధువుల యింటి పాపకు ఫినైల్ కీటోన్యూరియా అను వ్యాధి ఉండెను. పుట్టిన వెంటనే ఆ వ్యాధిని కనిపెట్టియుండినచో ఆ పాప మెదడు చెడకుండ కాపాడవచ్చును గదా అను ఆవేదన నుండి, అద్దుడు కాగితముపై ఆరబెట్టిన రక్తపు చుక్కతో చేయు పరీక్ష పుట్టినది. నేడు అదే విధముగా తీసిన చుక్కతో పెక్కు వ్యాధులను కనిపెట్టుచున్నారు. మన దేశమున ముఖ్యముగా చూచునది పుట్టుకతో వచ్చు థైరాయిడ్ లోపము. ఇది సుమారు వేయిమంది శిశువులలో ఒకరికి ఉండును. అన్ని ఆసుపత్రులలోను ఈ పరీక్ష తమంతట తాము చేయరు. అడిగి చేయించుకొనవలసిన చోట్లు ఇంకను కలవు.

ఇంక అసలు గుండెదడ ఎప్పుడనగా, "బిడ్డను తీసికొని మరల రండు" అని ఆసుపత్రి నుండి ఫోను వచ్చినప్పుడు. ఆ మాట చెవిని పడిన క్షణముననే ఇంటిల్లిపాదియు జబ్బు ఖాయమనుకొందురు. అది సరికాదు. బియ్యమును చెరుగునపుడు గృహిణి ఏమి చేయును? రాయివలె కనిపించిన ప్రతి గింజను చేట అంచుకు తీయును. పిదప వెలుతురులో చూచి, మంచి గింజలను మరల బియ్యములో కలుపును. మొదటి పరీక్ష చేటవంటిది. ఒక్క రాయియు జారిపోరాదని కావలెననియే ఎక్కువమందిని పక్కకు తీయుదురు. రక్తము పుట్టిన మొదటి దినముననే తీసినను, చుక్క చాలకపోయినను, బిడ్డ నెలలు నిండకుండ పుట్టినను, కాన్పు వేళ అయొడిను మందు ఎక్కువగా పూసినను మరల పిలుచుట కలదు. రెండవసారి నరము నుండి రక్తము తీసి నిశ్చయింతురు. అట్లు పిలువబడిన శిశువులలో ఎక్కువమందికి ఏమియు లేదనియే తేలును.

అయితే పిలుపు వచ్చినపుడు వెళ్లక మానరాదు. ఈ మాట మేము గట్టిగానే చెప్పుచున్నాము. థైరాయిడ్ లోపమున్న శిశువు పుట్టినపుడు చక్కగానే కనిపించును. గర్భములో ఉండగా తల్లి నుండి వచ్చిన సత్తువ కొన్నాళ్లు కాపాడును. "బిడ్డ నిక్షేపముగా నున్నది, మరల సూది ఎందుకు?" అని పెద్దలు అనుట ప్రేమ చేతనే. కాని లోపము నిజమైనచో రెండు వారములలోపు మందు మొదలుపెట్టవలెను. అట్లు చేసినచో మెదడు ఎదుగుదల చాలవరకు తక్కిన పిల్లలతో సమముగా సాగును. నెలలు గడిచినచో పోయిన దానిని తిరిగి తెచ్చు మందు లేదు. ఆ మందైనను ఏమంత? దినమునకొకసారి ఇచ్చు చిన్న మాత్ర. పొడిచేసి కొద్దిపాటి చనుబాలలో కలిపి చెంచాతో పట్టుదురు. మన నాయనమ్మల కాలమున ఈ నిరీక్షణ లేదు. బిడ్డకు నడక రాలేదని, మాట రాలేదని ఏండ్ల తరువాత తెలిసెడిది. అప్పటికి చేయుటకేమియు మిగిలెడిది కాదు.

ఆందోళనలో ఉన్న యింట మరియొక కీడు పుట్టును. ఎవరి వలన వచ్చినదను విచారణ మొదలగును. గ్రహణము నాడు బయటకు వచ్చినదని ఒకరు, వారి వైపు వారికెవరికో ఉండెనని ఇంకొకరు. ఇవన్నియు బాలింత చెవిని పడును. థైరాయిడ్ లోపము చాలమందిలో ఆ గ్రంథి గర్భమున సరిగా ఏర్పడకపోవుట వలననో, తన చోటికి చేరకపోవుట వలననో వచ్చును. తల్లి తిన్నదానికి, నడచినదానికి దానితో సంబంధము లేదు. మేనరికములలో కొన్ని యితర వ్యాధులు ఎక్కువగా కనిపించుట నిజమే. వాటిలో పెక్కింటికి తల్లి వంతు ఎంతయో తండ్రి వంతును అంతయే.

మహాభారతమున అశ్వమేధపర్వములో ఉత్తర పురిటింటి ఘట్టము కలదు. అశ్వత్థామ అస్త్రము చేత శిశువు చలనము లేకుండ పుట్టినది. కుంతి, ద్రౌపది, సుభద్ర శోకించుచున్నారు. శ్రీకృష్ణుడు ఆ గదిలో ప్రవేశించునప్పటికి అక్కడ తెల్లని పూలమాలలు, పూర్ణకుంభములు, నేయి, ఆవాలు, అగ్ని ఉండెను. వృద్ధస్త్రీలు కూర్చొనియుండిరి. వారితో పాటు సమర్థులైన వైద్యులును ఉండిరని వ్యాసుడు చెప్పినాడు. ఆ ఏర్పాటంతయు చూచి కృష్ణుడు బాగు బాగని మెచ్చుకొనెను. రక్షకు ఆవాలున్నవి గదా, వైద్యుడెందుకని అక్కడ ఎవరును అనలేదు. ఇది నీ జాతకదోషమని భర్తను పోగొట్టుకొనిన ఆ చిన్నదానిని నిందించినవారు ఆ ఘట్టమున ఒక్కరును లేరు. ఆ శిశువే పరీక్షిత్తు.

కనుక మ్రొక్కు మ్రొక్కుకొనుడు, రక్షరేకు కట్టుకొనుడు. ఆసుపత్రివారు చెప్పిన తేదీని మాత్రము మార్చకుడు. పదకొండవనాటి వరకు గడప దాటరాదనియు, ఆనాడు వారశూల యనియు వెనుదీయుట తగదు. పురుటి స్నానము రెండు దినములు ఆగిననేమి, ఈ పరీక్ష ఆగరాదు.

మన యిండ్లలో జరుగు మరియొక చిక్కు కలదు. తొలి కాన్పునకు కూతురు పుట్టినింటికి వచ్చును. ఆసుపత్రి కాగితములలో వ్రాసినది అల్లునిగారి ఫోను. ఆయన ఉద్యోగము వేరొక ఊరిలో. ఫోను ఆయన పనివేళలో మ్రోగును, ఎత్తరు. ఇచ్చట అమ్మమ్మ తాతయ్యలు వాకిలి చూచుచు కూర్చుందురు. బిడ్డ ఉన్న యింటివారి నంబరు కూడ వ్రాయించుడు. చీటీ జాగ్రత్త పెట్టుడు. పేరు పెట్టని బిడ్డలందరును తల్లి పేరుతో "ఫలానా వారి బేబీ" యనియే నమోదగుదురు. ఒకే పేరుగల తల్లులు ఇద్దరు ఒకేనాడు ప్రసవించుట అరుదు కాదు. నమోదు సంఖ్య ఉన్నచో పొరపాటు రాదు. ఫలితము ఎన్నడు వచ్చునో ముందే అడిగి పంచాంగములో గుర్తు పెట్టుకొనుడు. ఆ దినము దాటినచో మనమే వెళ్లి అడుగవలెను. కబురు రాలేదనగా బాగుగనే యున్నదని అర్థము కాదు.

పగలు ఏదో విధముగా గడచును. రాత్రి రెండు గంటలకు బిడ్డకు పాలిచ్చి, మరల నిద్రపట్టని తల్లి మాటయే కష్టము. చింతకు, చితకు ఒక సున్నయే భేదమని పెద్దలందురు. బాలింత వద్ద ఆ మాట అనకుండుటయే మేలని మా అభిప్రాయము. చింత వలదనినంత మాత్రమున పోవునా? పోదు సరిగదా, చింతించుట కూడ తప్పే కాబోలునని ఆమె కుములును. "నాకును భయముగనే యున్నది, పరుండుము, రెండు గంటలు నేను ఎత్తుకొందును" అని భర్తయో, తల్లియో అన్నచో భయము సగమగును. చేతిలోని ఫోనులో వ్యాధి పేరు వెదకి వెదకి చదువుట ఆ వేళ అసలు పనికిరాదు. అందులో కనిపించునవి ఎవరి బిడ్డ సంగతులో. మన బిడ్డ సంగతి ఆ కాగితముపై నున్నది. చూడవచ్చు బంధువులు "ఇంకను రాలేదా?" అని గంటకొకరు అడుగకుండ, ఇంటిలో ఒకరు సమాధానము చెప్పు బాధ్యత తీసికొనవలెను. కన్నీరు, దిగులు రెండు వారములు దాటియు తగ్గనిచో ఆ తల్లిని కూడ వైద్యునికి చూపవలెను.

ఒక హెచ్చరిక. ఫలితము కొరకు వేచియుండుట వేరు, బిడ్డకు బాగులేనపుడు వేచియుండుట వేరు. పాలు త్రాగకపోయినను, లేపినను లేవక మగతగా పడియున్నను, పదేపదే వాంతులైనను, ఒళ్లు కాలినను లేక చల్లబడినను, ఊపిరి ఎగబీల్చినను, ఫిట్సు వచ్చినను రిపోర్టు మాట ప్రక్కనబెట్టి ఆ క్షణమే బయలుదేరుడు.

బారసాల వాయిదా వేయవలెనా అను ప్రశ్న కూడ ఇట్టి యిండ్లలో వచ్చును. వలదు. ఫలితము ఏదైనను పేరు ఆ బిడ్డదే. బియ్యములో వ్రాసిన ఆ పేరును మరునాడు ఆసుపత్రిలోను వ్రాయించుడు, పాత నమోదు సంఖ్యను మాత్రము అట్లే ఉండనిండు. తరువాతి చీటీ ఆ పేరుతోనే వచ్చును.