చెక్క సామాను – అంచుపట్టీలు

మన ఇండ్లలోని బీరువాలు, బల్లలు, వంటగది అరలు ఒకప్పుడు టేకు, మద్ది వంటి గట్టి కలపతో తయారగుచుండెడివి. నేడు పెక్కు ఇండ్లలో ఆ స్థానమును ప్లైవుడ్డు, పార్టికిల్ బోర్డు, ఎం.డి.ఎఫ్. అను పలకలు ఆక్రమించినవి. ఇందుకు కారణము లేకపోలేదు. మంచి కలప సామాన్యునకు అందని ధర పలుకుచున్నది. కేంద్ర ప్రభుత్వ ఆమోదము పొందిన ప్రణాళిక లేనిదే అడవులలో చెట్లు నరుకరాదని 1996 డిసెంబరు 12వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము ఆదేశించినది. అటు తరువాత తోటలలోను, పొలముల గట్లపైనను పెంచిన జామాయిలు, పాప్లారు వంటి చెట్ల కలపకు ప్రాధాన్యము హెచ్చినది. అడవికి మేలు చేయు మార్పే యిది. కాని ఈ కొత్త పలకలను వాడు విధానము మాత్రము పాత కలపను వాడు విధానము వంటిది కాదు.

గట్టి కలపకు లోపల, వెలుపల ఒకే పదార్థము. పలక అట్లు కాదు. దాని రెండు ముఖములు నున్నగా, అందముగా ఉండును. కోసిన అంచున దాని అసలు నిర్మాణము బయటపడును. ప్లైవుడ్డులో పలుచని చెక్క పొరలను ఒకదానిపై ఒకటి, పోగు అడ్డముగా మారునట్లు అతికింతురు. కావున ఏ అంచు కోసినను ఒక పొర విడిచి ఒక పొరలో పోగు చివరలు తెరచుకొనియుండును. చెట్టు బ్రతికియున్నపుడు నీటిని పైకి గొనిపోయిన సన్నని గొట్టములే అవి. చెట్టు పోయినను నీరు పీల్చు గుణము పోలేదు. పార్టికిల్ బోర్డు చెక్క తునకలను జిగురుతో కలిపి అదిమినది. దాని అంచునుండి తడి లోనికి పోయినచో తునకలు ఉబ్బి, పలక మందము పెరుగును. ఎండిన తరువాత కూడ అది పూర్వస్థితికి రాదు. పైన ఎంత ఖరీదయిన సన్‌మైకా అతికించినను, అంచు తెరచియున్న పలక తడిని ఆపజాలదు.

ఇంకొక సంగతి కూడ గమనింపవలెను. ఈ పలకలలో పెక్కింటికి వాడు జిగురు యూరియా, ఫార్మాల్డిహైడులతో తయారగును. ఆ ఫార్మాల్డిహైడు ఆవిరి కొంతకాలము మెల్లమెల్లగా వెలువడుచుండును. కోసిన అంచులనుండి మరింత వెలువడును. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో దీనిని మానవులకు క్యాన్సరు కలిగించు పదార్థముల జాబితాలో చేర్చినది. భయపడి సామాను మానుకొననక్కరలేదు. అంచులను మూయించుట, కొత్త సామాను వచ్చిన దినములలో కిటికీలు తెరచియుంచుట – ఈ రెండును తేలికయిన జాగ్రత్తలు.

అంచును మూయు పట్టీలు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది కలపపట్టీ. సన్నని టేకు బద్దను జిగురుతో అతికించి, ఆరిన పిమ్మట చిత్రిక పట్టి పలకతో సమము చేయుదురు. గిన్నెలు, డబ్బాలు రాపిడి పెట్టు అరల ముందరి అంచునకు దీనికి సాటి వేరొకటి లేదు. రెండవది పలుచని చెక్కపొర పట్టీ. దీని వెనుక జిగురు ముందే పూసియుండును. ఇస్త్రీపెట్టె వేడితో అతుకును. మూడవది ప్లాస్టిక్కు పట్టీ. అర మిల్లీమీటరుకు లోపు మందము మొదలు 2 మిల్లీమీటర్ల వరకు దొరకును. తలుపులకు, చేతులు తరచుగా తగులు చోట్లకు మందమయినదే మేలు. 2 మిల్లీమీటర్ల పట్టీ ఇరుప్రక్కల వచ్చునపుడు పలకను 4 మిల్లీమీటర్లు తక్కువగా కోయవలెనని మరువరాదు. లేనిచో తలుపు చట్రములో పట్టదు.

పని తీరు ఏదయినను ముందు అంచు శుభ్రముగా ఉండవలెను. రంపపు గాట్లను గరుకు కాగితముతో రుద్ది, గుంటలున్నచో పూడ్చి, పొట్టు, ధూళి పూర్తిగా తుడువవలెను. ధూళిపై పూసిన జిగురు ధూళినే పట్టుకొనును గాని చెక్కను పట్టుకొనదు. 18 మిల్లీమీటర్ల పలకకు 22 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ తీసికొనవలెను. రెండు వైపుల కొద్దిగా మిగిలిన భాగమును తరువాత కోసివేయవచ్చును. ముందు ప్రక్క అంచులు వేసి, చివరకు ఎదుటి అంచు వేసినచో అతుకు కంటికి కనబడదు.

ఇస్త్రీపెట్టెతో అతికించునపుడు నీటి ఆవిరి వాడరాదు. వేడిని మధ్యమముగా నుంచి, మెల్లగా నడపుచు, వెనువెంటనే చెక్కదిమ్మతో గట్టిగా ఒత్తవలెను. పూర్తిగా చల్లారిన పిదపనే మిగులును పదునయిన ఉలితో తీయవలెను. ఉలి పలక వైపునకు నడువవలెనే గాని పట్టీని వెలుపలికి లాగరాదు. ప్లాస్టిక్కు పట్టీని రబ్బరు జిగురుతో అతికించునపుడు అంచునకును, పట్టీకిని జిగురు పూసి, వ్రేలికి అంటని స్థితి వచ్చువరకు ఆగవలెను. ఒకసారి తగిలించిన పిమ్మట జరుపుట సాధ్యము కాదు. కర్మాగారములలో యంత్రము కరిగించిన జిగురును పూసి, రోలర్లతో ఒత్తి, మిగులును కోసి, నునుపు చేయును. ఆ జిగుళ్లలోను భేదము కలదు. సాధారణమయిన ఇ.వి.ఏ. జిగురు వేడికి మరల మెత్తబడును. పి.యు.ఆర్. అను జిగురు తేమతో కలిసి గట్టిపడి, వేడికి, నీటికి ఓర్చుకొనును. పొయ్యి ప్రక్కన, తొట్టి క్రింద ఉండు అరలకు ఏ జిగురు వాడుచున్నారో అడిగి తెలిసికొనుట మన హక్కు.

ఇక ఖర్చు సంగతి. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల నిండు పలకకు చుట్టుకొలత 24 అడుగులు. దానినే అడుగు వెడల్పున అడ్డముగా కోసి ఎనిమిది అరలు చేసినచో, ఒక్కొక్కదానికి 10 అడుగుల చొప్పున 80 అడుగుల అంచు ఏర్పడును. పలక ధర చూచి లెక్క వేసికొనిన గృహస్థునకు ఈ 80 అడుగులు తోచవు. వడ్రంగికి తోచును. మనము కూలి తగ్గింపుమని పట్టుబట్టినపుడు అతడు తగ్గింపగలిగినది ఈ అంచులలోనే. కనబడు అంచునకు పట్టీ పడును. వెనుక అంచు, క్రింది అంచు ఉత్తవిగా మిగులును. మన ఇండ్లలో నేలను నీటితో కడుగుట, తడిగుడ్డ పెట్టుట నిత్యకృత్యము. ఆ నీరు తగులునది క్రింది అంచునకే. నాలుగు వానకాలములు గడవకముందే బీరువా అడుగు ఉబ్బును, తలుపు పట్టివేయును. నింద మాత్రము పనివానిపై పడును. బేరములో మనము మిగుల్చుకొనిన సొమ్మే అచ్చట నానిపోయినదని గ్రహింపవలెను.

కావున పని ఒప్పందము చేసికొనునపుడు పలక రకముతోపాటు నాలుగు అంచుల సంగతియు స్పష్టముగా మాటాడుకొనుట మంచిది. అన్నింటికి పట్టీ వేయించు శక్తి లేనిచో, కనబడని అంచులకు ప్రైమరు పూసి రెండు పూతల రంగో వార్నీషో వేయించవచ్చును. బీరువాను నేలకు ఆనింపక మూడు నాలుగు అంగుళముల ఎత్తున నిలుపవచ్చును. ఇంట ఇప్పటికే ఉన్న సామానులో పట్టీ లేచిన చోట్లను వానకాలమునకు ముందే చూచి, పాత జిగురు గీకి, తిరిగి అతికించుట గంటసేపటి పని. ఆలస్యము చేసినచో పలకనే మార్చవలసివచ్చును.

ఒక కుటుంబము ఏండ్ల తరబడి కూడబెట్టి చేయించుకొను సామాను ఒక తరమయినను నిలువవలెనని కోరుట అత్యాశ కాదు. సామాను కొనునపుడు తలుపు మెరుగు చూచినంత శ్రద్ధతో ఒకసారి వంగి, దాని అడుగు అంచును చేతితో తడిమి చూడుడు. అక్కడ నునుపుగా ఉన్నచో, చేసినవాని నిజాయితీని గూర్చి వేరుగా విచారింపనక్కరలేదు.